పామేడు నడక గోదావరి వైపు

ఛత్తీస్‌గఢ్‌లోని పామేడు మనిషి తన జిల్లా కేంద్రం బీజాపూర్‌కు వెళ్ళాలంటే మొన్నమొన్నటిదాకా తెలంగాణ మీదుగా తిరిగి వెళ్ళాల్సి వచ్చేది. అడవి దారిన చెర్లకు దిగాలి. అక్కడ బండెక్కి వెంకటాపురం, వాజేడు దాటాలి. తార్లగూడ దగ్గర మళ్ళీ సొంత రాష్ట్రంలో అడుగుపెట్టి, భోపాలపట్నం మీదుగా బీజాపూర్ చేరాలి. రెండు వందల కిలోమీటర్లకు పైగా చుట్టు. జిల్లా ఆఫీసులో పని పడినా, కోర్టు వాయిదా ఉన్నా ఇదే ప్రయాణం. నడుమనున్న అడవి గుండా నేరుగా పోయే దారి ఏళ్ళ తరబడి యుద్ధభూమిగా ఉండిపోయింది. పామేడు పోలీసు స్టేషన్‌కు సరుకులు హెలికాప్టర్‌లో దిగిన కాలం అది. ఊరివాళ్ళు మాత్రం కాలినడకన చెర్ల సంతకు వచ్చి ఉప్పు కొనుక్కుపోయేవారు.

ఇప్పుడు పరిస్థితి మారుతోంది. బాసగూడ, తర్రెం వైపు నుంచి రోడ్డు, దాని వెంటే భద్రతా శిబిరాలు ఒక్కొక్కటిగా దక్షిణానికి జరుగుతూ వచ్చాయి. 2021 ఏప్రిల్ 3న తర్రెం దగ్గరి అడవుల్లో మావోయిస్టుల దాడిలో 22 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయిన ప్రాంతమిది. 2024 ఫిబ్రవరిలో పువర్తిలో శిబిరం వెలిసింది. 2025 ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ సరిహద్దులోని కర్రెగుట్టల మీద మూడు వారాల పాటు సాగిన ఆపరేషన్‌లో 31 మంది మావోయిస్టులు చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. రాజ్యం ఇంత దగ్గరగా రావడం పామేడు చుట్టుపక్కల ఊళ్ళకు కొత్త. అది ఏ రూపంలో వస్తుంది, ఎవరి మాట విని వస్తుంది అన్నదే ఇప్పుడు తేలాల్సింది.

ఈ జనానికి ఏం కావాలో చెప్పేవాళ్ళకు కరువు లేదు. రాయ్‌పూర్‌లో ఒక జాబితా ఉంది, ఢిల్లీలో ఇంకొకటి ఉంది, నిన్నటిదాకా అడవిలోనూ ఒక జాబితా ఉండేది. ఈ మూడింటిలోనూ రెండు సంగతులకు చోటు చాలలేదు. ఆ జనం ఏం నమ్ముతారు? పని పడితే, జబ్బు చేస్తే ఎటు నడుస్తారు? ఈ రెండూ తెలుసుకోకపోవడం వల్ల అక్కడ మనుషులు చనిపోయారు. అందుకే రోడ్ల గురించి మాట్లాడే ముందు వాటి గురించి మాట్లాడాలి.

పామేడు చుట్టూ ఉండేది దొర్లలు, కోయలు, మురియాలు. ఛత్తీస్‌గఢ్ షెడ్యూల్డు తెగల జాబితాలో వీళ్ళందరినీ గోండుల పద్దు కిందే చేర్చారు. సరిహద్దు దాటి చెర్ల మండలంలోకి వస్తే అవే ఇంటిపేర్లవాళ్ళు, అదే గట్టు గోత్రాలవాళ్ళు విడిగా కోయలుగా నమోదై ఉంటారు. పెళ్ళిళ్ళు అటూ ఇటూ జరుగుతాయి. తెలుగు చాలామందికి వచ్చు. సంత భాష అదే. రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి జరిగే మేడారం జాతరకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కోయలు మన బస్టాండుల్లో కనిపిస్తూనే ఉంటారు. చరిత్ర ఇక్కడ ఒక విచిత్రమైన ముడి వేసింది. మేడారం గాథలో కోయలు కాకతీయ ప్రతాపరుద్రుని సైన్యంతో పోరాడి నేలకొరిగారు. బస్తర్ రాజవంశమేమో ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వచ్చి స్థాపించిందని ప్రతీతి. అంటే గోదావరికి ఇవతలా అవతలా ఒకే జనం, ఒకే రాజకుటుంబం నీడలో, రెండు వేర్వేరు జ్ఞాపకాలతో ఏడు వందల ఏళ్ళుగా బతుకుతున్నారు. రాష్ట్రాల సరిహద్దు వాళ్ళ జీవితంలోకి నిన్న వచ్చింది.

ఏడాది పొడవునా వాళ్ళ బతుకు అడవి పెట్టిన వరుసలో సాగుతుంది. తొలకరికి వరి చల్లుతారు. గట్టుభూముల్లో కొర్ర, సామ, రాగి వేస్తారు. జావే ప్రధానాహారం. బరువైన పనికి పోయేవాళ్ళ భుజాన ఎండిన ఆనపకాయ బుర్రలో జావ వెంట ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో ఇప్ప పూలు రాలతాయి. పొద్దెక్కక ముందే ఏరుకోవాలి, లేదంటే పశువుల పాలు. ఎండబెట్టి దాచిన ఇప్పపూలు కరువు నెలల్లో తిండి, పండుగకు సారా, సంతలో డబ్బు. ఇప్ప పలుకుల నుంచి తీసిన నూనె కూరకూ దీపానికీ పనికొస్తుంది. ఆ తర్వాత చింతపండు, సారపప్పు, తేనె, అడ్డాకు. జీలుగు చెట్టుకు కుండ కట్టిన ఇల్లు వేసవిలో చుట్టాలతో నిండి ఉంటుంది.

ఎండలు ముదిరాక తునికాకు. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ బ్యాగుకు ఇచ్చే ధరను 2019లో 4,000 రూపాయలకు, 2024లో 5,500 రూపాయలకు పెంచింది. లెక్క వేస్తే ఆకుకు 11 పైసలు. మండుటెండలో కుటుంబమంతా అడవిలో తిరిగి, సాయంత్రం కట్టలు కట్టి, కల్లంలో అప్పజెబితే వచ్చేది అది. అయినా చాలా ఇళ్ళకు ఏడాదిలో చేతికి అందే పెద్ద నగదు ఇదే. 1980లో గోదావరి దాటి బస్తర్ అడవుల్లోకి వెళ్ళిన పీపుల్స్‌వార్ దళాలు మొదట పట్టు సంపాదించింది కూడా ఈ ఆకు కూలి దగ్గరే. కాంట్రాక్టరు ఇచ్చే పైసలు అన్యాయమని ఆ రోజు ఆ జనానికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. అంతకు నూట ఇరవై ఏళ్ళ ముందు, 1859లో, దక్షిణ బస్తర్ జమీందారీల్లో హైదరాబాద్ నుంచి వచ్చిన కాంట్రాక్టర్లు చెట్లు నరికిస్తుంటే దొర్లలు, కోయలు తిరగబడ్డారు. అడవి మీద హక్కు గురించిన వాదన అక్కడ మన రాజ్యాంగం కన్నా పాతది.

ఈ పంటలూ పూలూ కాయలూ ఏవీ ఎవరికి తోచినప్పుడు వాళ్ళు కోసుకునేవి కావు. మామిడి టెంక ముదరకముందు కాయ తెంపకూడదు. మామిడి పండుగ కావాలి. కొత్త చిక్కుడు, కొత్త వడ్లు, ఇప్ప పూలు, వేటికైనా ఒక పండుగ ఉంది. ఊరి పూజారి అయిన పెర్మ వేల్పు ముందు తొలి ఫలం పెట్టాక మాత్రమే ఇళ్ళల్లోకి వస్తుంది. బయటి చూపుకు ఇది మూఢాచారం. దగ్గరగా చూస్తే అడవి ఉమ్మడి ఆస్తిగా ఉన్నచోట దాన్ని ఎవరూ ముందుగా దోచుకోకుండా ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు ఇది. పిందె కాయ తెంపితే చెట్టూ పోతుంది, పొరుగింటి వాటా కూడా పోతుంది. ఈ నియమానికి పోలీసు లేడు, జరిమానా రశీదు లేదు. వేల్పు మీద భయం, ఊరి మీద గౌరవం, ఈ రెండే దాన్ని నిలబెట్టాయి. మన అటవీ శాఖ నూట యాభై ఏళ్ళుగా చేయాలనుకున్న పనిని వీళ్ళు వేల్పుల సాయంతో చేసుకొస్తున్నారు.

వీటన్నిటిలో ముఖ్యమైనది విత్తనాల పండుగ. బస్తర్‌లో బీజ్ పండుం అంటారు. వానలకు ముందు, విత్తడానికి ముందు, ఊళ్ళోని ప్రతి ఇంటి నుంచీ గింజలు తెచ్చి ఒక్కచోట కలుపుతారు. భూమికి మొక్కుతారు. ఎవరి పొలంలో ఎప్పుడు పని, ఎవరికి ఎద్దులు లేవు, ఈ ఏడాది పండుగ ఖర్చు ఎట్లా పంచుకోవాలి వంటి మాటలన్నీ అప్పుడే తేలతాయి. ఇది జరిగేది ఎక్కువగా రాత్రిపూట, వెన్నెల్లో, ఊరంతా చేరిన చోట. పండుగ కాకుండా ఎవరూ గింజ వేయరు.

2012 జూన్ 28 రాత్రి బాసగూడ దగ్గర సార్కేగూడ, కొత్తగూడ, రాజ్‌పెంట ఊళ్ళవాళ్ళు ఇలాగే చేరి పండుగ సంగతి మాట్లాడుకుంటున్నారు. భద్రతా దళాలు చుట్టుముట్టి కాల్పులు జరిపాయి. 17 మంది చనిపోయారు. వాళ్ళలో పిల్లలున్నారు. మావోయిస్టుల సమావేశం మీద జరిగిన ఎన్‌కౌంటర్‌గా ప్రభుత్వం ప్రకటించింది. న్యాయవిచారణ జరిపిన జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ ఏడేళ్ళ తర్వాత, 2019లో, చనిపోయినవాళ్ళు మావోయిస్టులని చెప్పే ఆధారాలు లేవని, గ్రామస్తుల వైపు నుంచి కాల్పులు జరిగినట్టు రుజువు కాలేదని తేల్చింది. ఆ ఘటన జరిగి ఏడాదైనా నిండకముందే, 2013 మే 17 రాత్రి, ఏడ్సమెట్టలో బీజ్ పండుం జరుపుకుంటున్నవాళ్ళ మీద మళ్ళీ కాల్పులు. ఎనిమిది మంది గ్రామస్తులు చనిపోయారు. ఒక జవానూ చనిపోయాడు. దాని మీదా అదే కమిషన్ విచారణ చేసింది. అక్కడ చేరినవాళ్ళు మావోయిస్టులు కారనీ, దళాలు భయాందోళనలో కాల్పులు జరిపి ఉండవచ్చనీ చెప్పిన ఆ నివేదిక 2022లో గానీ అసెంబ్లీ ముందుకు రాలేదు.

ఈ రెండు సంఘటనలను ఎన్‌కౌంటర్ల లెక్కలో వేసి వదిలేయడం తేలిక. నేను వాటిని అజ్ఞానం లెక్కలో కూడా వేస్తాను. వానలకు ముందు రాత్రిపూట ఊరంతా ఒకచోట చేరితే అది ఏమిటో ఆ జిల్లాను ఏలే యంత్రాంగానికి తెలియదు. వందల ఏళ్ళుగా ప్రతి వేసవి చివర జరిగే పండుగ పోలీసు మ్యాపులో అనుమానాస్పద సమావేశంగా కనిపించింది. ఈ పండుగల తేదీలు రాసి ఉన్న ఒక్క కాగితం ప్రతి శిబిరం గోడ మీద ఉండాలి. దానికి బడ్జెట్ అక్కర్లేదు. పెర్మను అడిగితే చెబుతాడు.

జబ్బు సంగతి చూద్దాం. దక్షిణ బస్తర్‌లో వానాకాలం అంటే మలేరియా కాలం. ఎక్కువగా ఫాల్సిపారం రకం. మెదడుకెక్కితే పిల్లలు, బాలింతలు రోజుల్లోనే పోతారు. జ్వరం వచ్చినవాడిని ముందు వడ్డె దగ్గరికి తీసుకెళ్తారు. మేడారంలో అమ్మవార్లను గద్దెలకు తెచ్చేవాళ్ళనూ వడ్డెలనే అంటారు. పామేడు అడవుల్లో వడ్డె పూజా చేస్తాడు, మందు వేర్లూ ఇస్తాడు, ఏ వేల్పు ఎందుకు కోపగించుకున్నదో గింజలు పరిచి చూసి చెబుతాడు. దీన్ని చూసి మన చదువుకున్నవాళ్ళు తొందరపడి అనే మాట ఒకటుంది: వీళ్ళ నమ్మకాలే వీళ్ళను చంపుతున్నాయి అని.

ఇంతకన్నా లోతుగా ఆలోచించడానికి మధ్య ఆఫ్రికా పల్లెల మీద వచ్చిన ఒక పుస్తకం సాయపడుతుంది. ఇప్పటి దక్షిణ సూడాన్, కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ సరిహద్దుల్లో ఉండే అజాండే జనం మంత్రతంత్రాల నమ్మకాల మీద ఇ.ఇ. ఇవాన్స్ ప్రిచర్డ్ 1937లో ఒక అధ్యయనం ప్రచురించాడు. ధాన్యపు గాదె కింద నీడకు కూర్చున్నవాళ్ళ మీద గాదె కూలింది. గాదె స్తంభాలను చెదలు తినేశాయని అజాండేలకు బాగా తెలుసు. వాళ్ళు అడిగే ప్రశ్న వేరు: సరిగ్గా వీళ్ళు కూర్చున్నప్పుడే ఎందుకు కూలింది? చెదల సంగతి తెలిసినంత మాత్రాన ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఆ మరుసటి ఏడాదే, 1938లో, డబ్ల్యు.వి. గ్రిగ్సన్ బస్తర్ మరియా గోండుల మీద తన పుస్తకం వేశాడు. ఖండాలు వేరైనా ఆ రెండు పుస్తకాల్లోని మనుషుల మధ్య పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పామేడు తల్లికి దోమ కుడితే జ్వరం వస్తుందని చెబితే నమ్ముతుంది. అందరినీ కుట్టిన దోమ నా బిడ్డనే ఎందుకు తీసుకుపోయిందన్న ఆమె ప్రశ్నకు నర్సు దగ్గర జవాబు లేదు, వడ్డె దగ్గర ఉంది. మాత్రనూ పూజనూ ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పితే ఓడిపోయేది మాత్రే.

అయితే ఇదే నమ్మకానికి ఒక చీకటి ముఖం ఉంది. దాన్ని దాచిపెట్టి గిరిజన సంస్కృతిని పొగడటం ఆ జనానికి చేసే ద్రోహమే. 2024 సెప్టెంబరులో సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలో చేతబడి అనుమానంతో ఒకే కుటుంబంలో ఐదుగురిని కొట్టి చంపారు. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి చేతబడి వేధింపుల నిరోధక చట్టం ఉంది. చట్టం ఉన్నా చావులు ఆగకపోవడానికి కారణం, ఒక ఇంట్లో వరసగా పిల్లలు చనిపోతుంటే ఎందుకు చనిపోయారో చెప్పే డాక్టరు దరిదాపుల్లో లేకపోవడం. వివరణ లేని చావులు ఉన్నంతకాలం ఎవరో ఒకరి మీద వేలు చూపడం ఆగదు. ఇక్కడ చట్టం కన్నా ముందు వెళ్ళాల్సింది రక్తపరీక్ష.

అది వెళ్ళినప్పుడు జనం కాదనలేదు. 2020 జనవరిలో మొదలైన మలేరియా విముక్త బస్తర్ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ నడిచి, జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ పరీక్ష చేశారు. మొదటి విడతలో మలేరియా తేలినవాళ్ళలో సగానికి పైగా ఏ లక్షణాలూ లేనివాళ్ళే. జ్వరం వస్తే ఆసుపత్రికి రమ్మని కూర్చుంటే ఆ సగం మంది ఎప్పటికీ దొరికేవారు కాదు. అంతకు చాలా ముందే, 2006 నుంచి, అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ ఎంఎస్‌ఎఫ్ డాక్టర్లు ఈ సరిహద్దుకు ఇటూ అటూ అడవిలోకి మందుల పెట్టెలతో నడిచారు. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో యుద్ధం నడుమ పల్లెల్లో మలేరియాకు వైద్యం చేసిన సంస్థ అదే. రెండు చోట్లా నేర్చిన పాఠం ఒకటే: రోగి దగ్గరికి వైద్యం నడవాలి, అది కూడా సంత రోజున, సంత చోట. సంతకు ఎలాగూ అందరూ వస్తారు.

సంత దాటితే, పామేడు రోగి నడిచేది చెర్ల వైపే. ముదిరితే భద్రాచలం ఏరియా ఆసుపత్రి. పురిటి నొప్పులొస్తే మంచాన్ని కావడి కట్టి మోసుకొచ్చేదీ ఇటే. ఈ ఆసుపత్రులకు మంజూరయ్యే పోస్టులు, మందులు తెలంగాణ జనాభా లెక్కన వస్తాయి. వచ్చే రోగుల్లో మాత్రం సరిహద్దుకు అవతలివాళ్ళు ఉంటారు. చెర్ల ఆసుపత్రి అసలు సేవ చేస్తున్న జనాభా ఎంతో రెండు ప్రభుత్వాలు కూర్చుని ఎందుకు తేల్చుకోవు? ఆయుష్మాన్ కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లాలన్నది నియమమే. ఆ కార్డు చేతికి అందడం, అందినవాళ్ళ పేర్లూ వేలిముద్రలూ సరిపోలడం, ఇవే ఆ అడవిలో అసలు అడ్డంకులు. తల్లికి కోయలో ఒక పేరు, బడిలో హిందీలో ఇంకో పేరు, ఆధార్‌లో మూడో పేరు ఉన్న ఇళ్ళు అక్కడ సర్వసాధారణం.

భూమి దగ్గరికి వస్తే గాయం ఇంకా పచ్చిగా ఉంది. 2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలైంది. అప్పటి దంతెవాడ జిల్లాలో ఆరు వందలకు పైగా ఊళ్ళు దాని బారిన పడ్డాయి. ఇళ్ళు కాల్చారు, జనాన్ని రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. వెళ్ళనివాళ్ళు మావోయిస్టులే అన్నారు. మావోయిస్టులేమో శిబిరాలకు వెళ్ళినవాళ్ళను, ఇన్ఫార్మర్లన్న అనుమానం ఉన్నవాళ్ళను చంపారు. బడి కట్టడాలను పేల్చేశారు. ఇద్దరి మధ్య నలిగిన వేల కుటుంబాలు గోదావరి వైపు, ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి అడవుల్లోకి వచ్చిపడ్డాయి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు నందినీ సుందర్ కేసులో గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా (ఎస్పీవోలుగా) వాడటం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. పారిపోయి వచ్చినవాళ్ళు అప్పటికే మన అడవుల్లో గుడిసెలు వేసుకుని ఆరేళ్ళు.

మనం వాళ్ళను గుత్తికోయలన్నాం. ఇరవై ఏళ్ళు నిండుతున్నా వాళ్ళలో చాలామందికి భూమి పట్టా లేదు, ఎస్టీ ధ్రువీకరణ లేదు. అటవీ హక్కుల చట్టం కింద హక్కు రావాలంటే 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి సాగులో ఉండాలి. జుడుం మొదలైంది ఆ తేదీకి ఆరు నెలల ముందు. ఆ రోజుకు వాళ్ళు సొంత ఊళ్ళో లేరు, ఇక్కడ కుదురుకోనూ లేదు. రెండు చోట్లా హక్కు జారిపోయింది. షెడ్యూల్డు తెగ హోదా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెంట రాదని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పిన మాట వీళ్ళకూ వర్తిస్తోంది. ఆ తీర్పు ముందున్నది ఉద్యోగం కోసం ఊరు మారిన కుటుంబంలోని కుర్రాడి మెడికల్ సీటు. ఇల్లు కాలిపోతే సరిహద్దు దాటి వచ్చిన మనిషిని ఆ కొలతతోనే కొలవడం న్యాయం అనిపించుకోదు. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచినప్పుడు వీళ్ళు బయటే నిలబడ్డారు. పోడు కోసం చెట్లు కొట్టడం, అటవీ సిబ్బంది మొక్కలు నాటడం, గుడిసెలు కూల్చడం, గొడవలు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక రేంజి అధికారి విధి నిర్వహణలో ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయన కుటుంబానికి జరిగిన నష్టం పూడ్చలేనిది. ఇద్దరు గుత్తికోయలు చేసిన ఆ హత్యకు వాళ్ళ ఊరు మొత్తాన్ని వెలి వేయాలని పంచాయతీలో తీర్మానం చేయడం మాత్రం మరో అన్యాయం.

దారి చట్టంలోనే ఉంది. అటవీ హక్కుల చట్టం 3(1)(ఎం) క్లాజు, 2005 డిసెంబరు 13కు ముందు చట్టబద్ధమైన పునరావాసం లేకుండా వెళ్ళగొట్టబడిన గిరిజనులకు ఉన్నచోట పునరావాసం, ప్రత్యామ్నాయ భూమి పొందే హక్కు ఇచ్చింది. ఇళ్ళు ఎప్పుడు కాలాయో పోలీసు రికార్డుల్లో, కోర్టు కాగితాల్లో ఉంది. తిరిగి వెళ్ళాలనుకునేవాళ్ళకు పామేడు, బాసగూడ వైపు ఊళ్ళల్లో పాత భూమి, ఇక్కడే ఉంటామనేవాళ్ళకు ఇక్కడ భూమి. ఎటు అన్నది వాళ్ళే తేల్చుకోవాలి. ఈ క్లాజును ఈ జనం కోసం మనస్ఫూర్తిగా వాడాలని రెండు వైపులా ఏ ప్రభుత్వానికీ ఇంకా అనిపించలేదు.

పామేడు మీదున్న ఇంకో కట్టడి అభయారణ్యం. 1980లలో 262 చదరపు కిలోమీటర్లను అడవి బర్రెల కోసం కేటాయించారు. అభయారణ్యంలోనూ అటవీ హక్కుల చట్టం వర్తిస్తుందన్న సంగతి అక్కడి ఊళ్ళకు అధికారికంగా ఎవరైనా చెప్పాలి. సామూహిక అటవీ హక్కు పత్రం చేతికొస్తే మామిడి పండుగ, ఇప్ప పండుగ నియమాలే రేపు గ్రామసభ అటవీ నిర్వహణ నియమాలవుతాయి.

ఇక మనకు నేరుగా సంబంధం ఉన్న సంగతి మిర్చి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా బీజాపూర్, సుక్మా పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మేస్త్రీల వెంట గోదావరి ఒడ్డు చేలలోకి కోతలకు వస్తాయి. చేల గట్ల మీదే పరదాలు, పక్కనే పొయ్యి, కోత మధ్య పిల్లలు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ ములుగు జిల్లా పేరూరు మిర్చి చేల నుంచి పన్నెండేళ్ళ బాలిక తోటివాళ్ళతో కలిసి అడవి దారిన బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి నడిచింది. మూడు రోజులు నడిచి, ఇల్లు కొద్ది దూరంలో ఉందనగా ఏప్రిల్ 18న చనిపోయింది. ఆ వార్త దేశమంతా చదివింది. పన్నెండేళ్ళ పిల్ల మిర్చి చేలో ఎందుకుందన్న ప్రశ్న వార్తతోపాటే సద్దుమణిగింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. మేస్త్రీ నోటిమాట మీద నడిచే ఈ వలసకు దాని గాలి సోకలేదు. ఒక దేశం ఒకే రేషన్ కార్డు అమల్లో ఉంది కాబట్టి కోతల కాలంలో వాజేడు, వెంకటాపురం, చెర్ల రేషన్ దుకాణాల్లో వాళ్ళ బియ్యం వాళ్ళకు అందాలి. కోతలున్న నాలుగు నెలలూ ఈ మండలాల్లో వాళ్ళ పిల్లలకు బడీ అంగన్‌వాడీ తెరవడం తెలంగాణ పని. మన వంటింట్లో కారం పొడి వాళ్ళ చేతుల మీదుగా వస్తోంది.

బడి అంటే భాష. 2011 జనాభా లెక్కల్లో బీజాపూర్ జిల్లా జనాభా రెండున్నర లక్షలు దాటింది. అందులో ఎనభై శాతం గిరిజనులు. అక్షరాస్యత 41 శాతం దగ్గర. జుడుం కాలంలో మూతపడ్డ బడులు ఎన్నో 2019 తర్వాతే మళ్ళీ తెరుచుకున్నాయి, కొన్ని పూరిపాకల్లో. పోటా కేబిన్లని పిలిచే వెదురు గుడారాల హాస్టళ్ళలో ఒక తరం చదువుకుంది. ఇంట్లో కోయ, సంతలో తెలుగు, పుస్తకంలో హిందీ. ఆరేళ్ళ పిల్ల మొదటి రోజున వినే పాఠం ఆమెకు ఏ మాత్రం తెలియని భాషలో మొదలవుతుంది. కోయ మాట్లాడేవాళ్ళు ఆ లెక్కల ప్రకారం నాలుగు లక్షలు, గోండి దాదాపు ముప్పై లక్షలు. రెండూ ఎనిమిదో షెడ్యూలులో లేవు. పామేడు వైపు బడుల్లో తొలి రెండు తరగతులకు కోయ వచ్చిన టీచరు ఉండాలి. అలాంటివాళ్ళు చెర్లలో, దుమ్ముగూడెంలో డిగ్రీలు చదివి ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్నారు. నియామక నిబంధనలో స్థానికతకు అర్థం రాష్ట్రం అని రాసి ఉన్నందువల్ల పాతిక కిలోమీటర్ల దూరంలోని వాళ్ళు పనికిరాకుండా పోతున్నారు.

2024 ఫిబ్రవరిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నియద్ నెల్లానార్ పథకం ప్రకటించింది. కొత్తగా పెట్టిన భద్రతా శిబిరాల చుట్టూ ఐదు కిలోమీటర్ల పరిధిలోని ఊళ్ళకు రేషన్, నీళ్ళు, కరెంటు, ఆధార్, బడి, అంగన్‌వాడీ అందించాలని ఉద్దేశం. కొన్ని ఊళ్ళకు మొదటిసారి బోరింగు, మొదటిసారి బల్బు వచ్చాయి. దాన్ని తక్కువ చేయను. ఆ ఐదు కిలోమీటర్లను ఎక్కడి నుంచి కొలుస్తున్నారన్నదే నా అభ్యంతరం. మంచినీళ్ళు శిబిరంతో కలిసి వస్తే ఊరు దాన్ని శిబిరం ఇచ్చిందిగానే చూస్తుంది. శిబిరం వద్దన్న ఊరు నీళ్ళూ వద్దన్నట్టే లెక్క. 2021 మే నెలలో సిల్గేర్‌లో శిబిరానికి వ్యతిరేకంగా జనం కూర్చున్నప్పుడు, మే 17న కాల్పుల్లో ముగ్గురు చనిపోయినప్పుడు కూడా అక్కడివాళ్ళు రోడ్డే వద్దనలేదు. ఇంత వెడల్పు వద్దన్నారు. ఆసుపత్రి, బడి కావాలన్నారు. మా గ్రామసభను అడగాలన్నారు. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం పీసా 1996లో చెప్పింది అదే. ఛత్తీస్‌గఢ్ దానికి నియమాలు రాసుకోవడానికి 2022 దాకా పట్టింది. సిల్గేర్ ఆందోళనతో ముందుకొచ్చిన యువకుల సంస్థ మూల్‌వాసీ బచావో మంచ్‌ను 2024 అక్టోబరులో ప్రభుత్వం నిషేధించింది. అడవిలో తుపాకీ పట్టిన గొంతు తగ్గుతున్న సమయంలో, పగలు కూర్చుని అర్జీ రాసిన గొంతును కూడా మూసేస్తే, ఆ ఊళ్ళ తరఫున మాట్లాడేది ఎవరు?

ఇనుప ఖనిజం కోసం బైలదిల్లాను తవ్వడం మొదలుపెట్టి అరవై ఏళ్ళు కావస్తోంది. అంత దూరం రైలు పట్టాలు వేసిన దేశం పామేడుకు ఒక లేడీ డాక్టరును పంపలేకపోయింది. రోడ్డు పూర్తయ్యాక దాని మీద ముందు ఏ బండ్లు తిరుగుతాయోనని ఆ ఊళ్ళవాళ్ళు భయపడితే ఆ భయాన్ని అభివృద్ధి వ్యతిరేకత అనడం అన్యాయం. ఖనిజం లారీల కన్నా ముందు 108 బండి తిరిగితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

బీజాపూర్, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల కలెక్టర్లు మావోయిస్టుల విషయంలో సమన్వయ సమావేశాలు జరుపుకున్నంత తరచుగా మలేరియా విషయంలో కూర్చోవాలి. చెర్ల, భద్రాచలం ఆసుపత్రులకు ఛత్తీస్‌గఢ్ తన వాటా మందులు, సిబ్బంది ఖర్చు ఇవ్వాలి. పామేడు సంతలో వారం వారం రక్తపరీక్ష, గర్భిణుల తనిఖీ, టీకాలు జరగాలి. ప్రసవం దగ్గరపడినవాళ్ళు ముందే వచ్చి ఉండటానికి చెర్లలో ఒక వసతి గృహం కావాలి. అందులో కోయ మాట్లాడే ఆయా, వాళ్ళు తినే జావ ఉండాలి. విత్తనాల పండుగకు ఊరంతా ఎలాగూ ఒకచోట చేరుతుంది. గ్రామసభ పెట్టదలిస్తే దానికి మించిన కోరం ఉండదు. ఆ రోజు అధికారి తుపాకీ లేకుండా వెళ్ళి, పెర్మ పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పింది వాళ్ళ భాష తెలిసిన మనిషి చేత రాయించుకుని రావాలి. తాలిపేరు నది నిండి వాగులు దారి కట్టేసే లోపు, అంటే జూన్ మొదటి వారానికి ముందే, ఈ పని జరిగితే ఈ ఏడాది మలేరియా కాలానికి మందులు ఊళ్ళల్లో ఉంటాయి.